ఘాటులో ఆగిన చుక్క

కొన్న రోజు పెట్టె మీద ఇరవై గంటలు అని రాసి ఉంది. ఆ ఇరవై గంటలు నేనెప్పుడూ చూడలేదు. కడపలో నాది చీరల దుకాణం. "ఉతికితే రంగు పోదమ్మా" అని చెప్పేటప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, పెట్టె మీద రాసినవాణ్ణి పెద్దగా తిట్టుకోలేదు. కానీ మొదటి ఎండాకాలం గడిచేసరికి నాలుగైదు గంటలకే ఛార్జింగ్ దిగిపోయేది. రెండో ఎండాకాలానికి అందులో సగం కూడా లేదు.

సైకిలు హ్యాండిల్‌కు బిగించుకునే జీపీఎస్ గురించి చెబుతున్నాను. మాది నేత కుటుంబం. మా నాన్న మగ్గం గుంటలో కాళ్లాడించి బతికాడు. నేను పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపి, మళ్లీ మడతపెట్టి బతుకుతున్నాను. ఆ కూర్చోవడమే షుగర్ తెచ్చిపెట్టింది. డాక్టరు నడవమన్నాడు. నడక నాకు మహా విసుగు, అందుకని సైకిలు కొన్నాను. ఆదివారం తెల్లవారుతూనే రాయచోటి దారి పట్టడం, గువ్వలచెరువు కొండ ఘాటు రోడ్డు ఎక్కడం, పైన పాలకోవా దుకాణం దగ్గర ఆగి ఇంటికి ఒక పెట్టె కట్టించుకుని తిరిగి రావడం అలవాటైంది. షుగరున్నవాడికి కోవా ఏమిటని అడక్కండి. ఘాటు ఎక్కినవాడికి ఒక ముక్క చెల్లుతుందని నా నమ్మకం.

మా ఆవిడకు ఆ ఘాటు పేరెత్తితేనే గిట్టదు. ఆమె తమ్ముడు అక్కడే లారీ కింద పడి చనిపోయాడు. మోటారు సైకిలు మీద రాయచోటి నుంచి మా ఇంటికే వస్తున్నాడు. చాలా ఏళ్లయింది, ఆ సంగతి ఇంట్లో మాట్లాడుకోం. నేను ఆ దారిన సైకిలు తొక్కుతానంటే కొన్నాళ్లు ముఖం తిప్పుకుని, ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆ జీపీఎస్ నా ఫోనుతో జత కలిసి, నేనెక్కడున్నదీ ఆమె ఫోనులో నీలం చుక్కగా చూపిస్తుంది. ఆ చుక్క కదులుతూ ఉండాలి.

"అది నడుస్తాంటే సరే. ల్యాకపోతే పార్కు సుట్టూ తొక్కుకో పో," అంది.

కాబట్టి ఆ బ్యాటరీ పోతే నా ఆదివారం పోయినట్టే. దాన్ని బతికించుకోవడానికి నేను పడని పాట్లు లేవు. తెర వెలుగు తగ్గించాను. మా ఎండకు ఆ తెర మీద ఏమీ కనిపించక, అరచెయ్యి అడ్డం పెట్టి తొంగి చూస్తూ ఒకసారి మేకల మందలోకి దూరిపోయాను. మాటిమాటికీ కూసే శబ్దం తీసేశాను. ఉన్నదే ఒక దారి, దానికి మ్యాపెందుకని అదీ తీసేశాను. వేడెక్కితే తొందరగా దిగిపోతుందని ఎవరో చెబితే, నీళ్ల సీసాకు చుట్టినట్టు తడిగుడ్డ చుట్టాను. చీరల దుకాణం వాడికి గుడ్డముక్కలకు కొదవా? లోపలికి తేమ దిగి తెరంతా మసకబారిపోయింది. మొబైల్ రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకుపోతే, అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"ఏమప్పా, దీనికి తానం గూడా చేపిస్తాండావా?"

బ్యాటరీ మార్చడానికి వీల్లేకుండా లోపల అతికించేశారని చెప్పి, ఆరబెట్టి ఇచ్చాడు.

చివరకు ఆ యంత్రంలోనే ఒక సదుపాయం నా కంటపడింది. ఛార్జింగ్ బాగా తగ్గగానే అనవసరమైన పనులన్నీ తనంతట తానే ఆపేసుకుంటుందట. బాగుందే అనుకుని ఆన్ చేశాను. ఏవేవి అనవసరమో అది నన్నడగలేదు, నేనూ చూడలేదు.

ఆ ఆదివారం ఘాటు సగం ఎక్కేసరికి తెర మీద బ్యాటరీ గుర్తులో ఎర్ర గీత కనిపించింది. దూరం, వేగం మాత్రం పడుతూనే ఉన్నాయి. ఇంకేం, ప్రాణం ఉందని సంతోషంగా తొక్కాను. అది అన్నిటికన్నా ముందు ఆపేసింది ఇంటికి పంపే చుక్కనేనని నాకు తెలియదు. మా ఆవిడ ఫోనులో నేను ఘాటు మలుపులో నిలిచిపోయి ఉన్నాను. నా ఫోనేమో సీటు కింద సంచిలో ఉంది. లారీల హారన్ల మధ్య అది మోగడం నాకు వినపడలేదు.

పైకి చేరి కోవా దుకాణాలు కనిపించేసరికి, ఒకామె రోడ్డు మీదికి ఉరికొచ్చి చేతులు చాపి నిలబడింది. నేను ఎప్పుడూ కోవా కొనే దుకాణం ఆమెదే.

"ఓ సైకిలన్నా, ఆగప్పా! వదిన ఫోన్లో ఉండాది. ముందు మాట్లాడు."

పెళ్లిళ్లకు ఆర్డర్లు వస్తాయని అక్కడి దుకాణాల వాళ్లు కోవా పెట్టె మూత మీద ఫోను నంబరు అచ్చు వేయిస్తారు. పోయిన వారం నేను తెచ్చిన పెట్టె మా ఫ్రిజ్‌లో ఉంది. మా ఆవిడ ఆ నంబరుకు చేసి, "సైకిలు మింద లావుపాటి మనిషి ఎక్కొచ్చినాడా?" అని అడిగిందట.

ఫోను అందుకున్నాను. "యాడుండావు?" అంది.

"పైనే. కోవా దగ్గర."

"సరే. నిదానంగా రా," అని పెట్టేసింది.

నాకు ఆ యంత్రం మీద పట్టరాని కోపం వచ్చింది. తనను తాను కాపాడుకోవడానికి అది మొదట వదిలేసింది మా ఆవిడనే. ఆ వారమే కొత్తది తెప్పించాను. ఈసారి పెట్టె మీది రాతను నమ్మకుండా, కౌంటరు మీద పెట్టి పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి దించేదాకా నడిపించి చూశాను. దిగలేదు. అయినా ఎందుకైనా మంచిదని ఒక పవర్ బ్యాంకు కూడా కొని, వైరు తగిలించాను. ఇక మా ఆవిడకు బెంగ తీరిపోయిందని ధీమాగా బయల్దేరాను.

ఘాటు ఎక్కేసరికి కోవా దుకాణం ముందు ఆ దుకాణామె మళ్లీ ఫోను పట్టుకుని నిలబడి ఉంది. నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. "వచ్చినాడు వదినా. బాగుండాడు," అని ఫోనులో చెప్పి, గిరాకీ ఉందేమో లోపలికి పోయింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంటికి రాగానే, చెమటైనా ఆరకముందే అడిగాను. "చుక్క యాడా ఆగలేదు గదా? ఇంగా ఆమెకెందుకు ఫోన్ చేస్తాండావు?"

మా ఆవిడ కోవా పెట్టె దారం విప్పుతోంది. తలెత్తలేదు.

"చుక్క శానా బాగా నడుస్తాండాది. నేను కాదంటినా? ఆ పొద్దు మా తమ్మునికి ఎన్నితూర్లు చేసినానో. ఫోను మోగుతానే ఉండె. దాంట్లో బ్యాటరీ నిండా ఉండె. మనిషే ల్యాడు."

ఇన్నాళ్లూ నేను దేనికి ఛార్జింగ్ పెడుతున్నానో తెలిసి సిగ్గేసింది, ఆమె మీద జాలీ కలిగింది. పవర్ బ్యాంకు వైరు తీసి పక్కన పెట్టి, ఆమె ఎదురుగా కూర్చున్నాను.

ఇప్పుడు ఘాటు ఎక్కగానే దుకాణం ముందు సైకిలు దిగి, హెల్మెట్ తీసి నిలబడతాను. దుకాణామె నన్ను చూసి మా ఇంటికి ఫోనులో చెప్పేదాకా కోవా అడగను.