ఉల్సాన్‌కు తిరిగి వెళ్ళిన సత్యవతి ఆంటీ

వైట్‌బోర్డు మార్కర్ మూత తీయగానే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న లైబ్రరీ, మేడమీద గది. కిటికీ అవతల సన్నని వాన. ఈ దేశానికి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు కొందరు తడిసిన కోట్లు విప్పి కుర్చీలకు తగిలించుకుంటున్నారు. హాస్పిటల్ ఉద్యోగం, అక్కడి షిఫ్టులు, పాప పుట్టడం, వీటన్నిటి మధ్య నేను ఇక్కడ ఇంగ్లిష్ క్లాసు చెప్పడం వదిలేసి నాలుగేళ్ళైంది. మళ్ళీ మొదలుపెడుతున్న మొదటి శనివారం అది. బోర్డు మీద నా పేరు రాయబోతూ ఒక్క క్షణం ఆగిపోయాను. సత్యవతి ఆంటీ వంటింట్లో, అందరిళ్ళలో క్యాలెండర్ వేలాడే చోట, ఒక వైట్‌బోర్డు ఉండేది. పోపు వాసనా మార్కర్ వాసనా కలగలిసిపోయిన ఆ వంటింట్లోనే నేను నోరు విప్పి ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకున్నాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. నేను నిజామాబాద్ జిల్లా నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి గది కోసం తిరుగుతున్నప్పుడు, సీనియర్ అమ్మాయి ఒకరు ఆవిడ ఇల్లు చూపించింది. ఆంటీది విశాఖపట్నం. భర్త మూర్తిగారు ఓడల ఇంజనీరు. అక్కడి షిప్‌యార్డులో పనిచేసి, తర్వాత న్యూకాసిల్ కంపెనీలో చేరి, ఆ కంపెనీ పంపితే కొన్నేళ్ళు దక్షిణ కొరియాలోని ఉల్సాన్‌లో ఉన్నారు. అదీ ఓడలు కట్టే ఊరే. ఆయన యార్డుకు వెళితే ఈవిడ ఇంట్లో ఊరికే కూర్చోలేక, బడి అయ్యాక సాయంత్రాలు పిల్లలు వచ్చే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెప్పారు. నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి మూర్తిగారు పోయి రెండేళ్ళు. ఆంటీ కౌన్సిల్ ఆఫీసు ఉద్యోగం నుంచి రిటైరై, పై గది అద్దెకిస్తూ ఒక్కరే ఉంటున్నారు. ఆవిడ ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి సీసా పక్కనే కొరియావాళ్ళ ఎర్రకారం ముద్ద డబ్బా ఉండేది. రెండూ అన్నంలో కలుపుకునేవారు.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్‌లో ఇంగ్లిష్‌లో చదివాను, రాశాను, పాసయ్యాను గానీ మాట్లాడింది లేదు. న్యూకాసిల్‌లో సెమినార్ అంటే నాకు గుండె దడ. సమాధానం తెలిసినా చెయ్యి ఎత్తేదాన్ని కాదు. ఆ సంగతి ఆంటీకి నేను చెప్పలేదు. ఆవిడకు తెలిసింది నా చెవిపోటు వల్ల. రెండు రోజులుగా చెవి పీకుతుంటే డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగమని ఆవిడను బతిమాలాను.

"మీరే మాట్లాడుండ్రి ఆంటీ. నాతోని కాదు" అన్నాను.

"చెవి నీదా, నాదా?" అన్నారు ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూనే. "నువ్వే చెయ్యి. నేనిక్కడే ఉంటాను."

ఫోన్ ఎత్తినావిడ న్యూకాసిల్ యాసలో ఏదో గడగడా అంది. నేను సగం వాక్యం చెప్పి ఆంటీ వైపు చూశాను. ఆవిడ మాట అందివ్వలేదు. కత్తి పక్కన పెట్టి, నాకు ఎదురుగా కూర్చుని, ఇంకా చెప్పు అన్నట్టు తల ఊపారు. రిసెప్షనిస్ట్ "సారీ?" అంది. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి ఆమెకు అర్థమైంది. సాయంత్రానికి రమ్మంది. ఫోన్ పెట్టేసి ఏడుపు మొహంతో కూర్చుంటే, ఆంటీ మెల్లగా అన్నారు. "ఆవిడ సారీ అందంటే నువ్వు తప్పు మాట్లాడావని కాదమ్మా, వినపళ్ళేదని. రెండోసారి చెప్పడానికి సిగ్గేటి?" ఆ తర్వాత బ్యాంకుకూ, గ్యాస్ కంపెనీకీ, ఆఖరికి ఆవిడ ఇంటి పైపు లీకైతే ప్లంబరుకీ నాచేతే ఫోన్లు చేయించారు. ఎక్కడ తడబడ్డానో చూసి, ఆ మాటలు మర్నాడు వంటింటి బోర్డు మీద రాసి ఉంచేవారు. దాని గురించి ఏమీ అనేవారు కాదు. టీ తాగుతూ నేనే చదువుకునేదాన్ని.

శనివారాలు ఆవిడ లైబ్రరీలో డబ్బు తీసుకోకుండా ఇంగ్లిష్ క్లాసు చెప్పేవారు. సిరియా, ఎరిట్రియా, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు వచ్చేవారు. నన్నూ సాయానికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఒకరోజు ఒకావిడ భర్త పైకి వచ్చి, చాలా మర్యాదగానే, ఇంగ్లండు వాళ్ళెవరైనా చెబితే బాగుంటుందని అన్నాడు. నాకు మొహం మాడిపోయింది. ఆంటీ మాత్రం ఆయనకు కుర్చీ చూపించి, "కూర్చుని వినండి, తర్వాత మీ ఇష్టం" అన్నారు. ఆయన చివరిదాకా కూర్చున్నాడు. తర్వాతి వారం భార్యతోపాటు చెల్లెల్ని కూడా తీసుకొచ్చాడు.

ఇంటికి నడిచి వస్తూ, కోపం రాలేదా అని అడిగాను. అప్పుడు చెప్పారు ఉల్సాన్ సంగతి. అక్కడ ఆవిడ చేరిన మొదటి వారంలో, బ్రిటన్ టీచరంటే తెల్లావిడ వస్తుందనుకున్న తల్లులు కొందరు పిల్లల్ని మాన్పిస్తామని వచ్చారట. వాళ్ళనూ అలాగే కూర్చోబెట్టారట. "ఎవరూ మాన్పించలేదా?" అని అడిగాను. "ఇద్దరు మాన్పించారు. మిగతావాళ్ళు ఉన్నారు. అందరూ ఉండిపోయారని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజం అది కాదు కదా" అని నవ్వారు. తర్వాత, ఒక ఏడాది పాఠాలు సగంలో ఉండగానే మూర్తిగారికి పక్షవాతం వచ్చిందనీ, వారం తిరక్కుండా ఆయన్ని తీసుకుని న్యూకాసిల్ వచ్చేశారనీ చెప్పారు. పిల్లలకు వెళ్ళొస్తానని కూడా చెప్పలేదట. ఆయన్ని చూసుకోవడం, కొడుకు చదువు, ఉద్యోగం, ఇవన్నీ అయ్యేసరికి ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. "ఆ పాఠం మధ్యలో ఉంది స్వప్నా" అన్నారు. మామూలుగా చెప్పినట్టే చెప్పారు గానీ, అక్కణ్ణుంచి ఇల్లు చేరేదాకా నడక వేగం పెంచారు.

ఆ చలికాలమే మిన్‌జీ నుంచి ఫోన్ వచ్చింది. ఆంటీ దగ్గర చదివిన పిల్లల్లో ఒకతె. ఇప్పుడు పెద్దదై, ఉల్సాన్‌లోనే ఒక స్నేహితుడితో కలిసి పెద్దవాళ్ళకు ఇంగ్లిష్ నేర్పే స్కూలు నడుపుతోంది. పాత టీచరు కోసం వెతికి వెతికి పట్టుకుంది. వచ్చి ఏడాది పాటు పాఠాలు చెప్పమని అడిగింది. ఆంటీ ఆ రోజంతా ఇల్లు సర్దుతూనే ఉన్నారు.

ఆదివారం, దక్షిణాన చాలా దూరంలో ఉన్న వాట్‌ఫర్డ్ నుంచి కొడుకు కిరణ్, కోడలు, మనవరాలు వచ్చారు. కిరణ్ నెమ్మదస్తుడే. అయినా ఆ రోజు భోజనాల దగ్గర గొంతు పెంచాడు.

"అరవై దాటాక ఉద్యోగమేంటమ్మా? అదీ అంత దూరంలో. ఒంట్లో బాగోకపోతే అక్కడ ఎవరు చూస్తారు?"

"ఇక్కడ ఎవరు చూస్తున్నార్రా? నువ్వు వాట్‌ఫర్డ్‌లో ఉన్నావు" అన్నారు ఆంటీ, కోపం లేకుండానే.

"నాన్న పడిపోయిన ఊరది. నీకు మళ్ళీ అక్కడికెళ్ళాలని ఎలా ఉంది?"

ఆంటీ అతని కంచంలో ఇంకాస్త పప్పు వేసి, అప్పుడన్నారు. "మీ నాన్న పడిపోయిన ఊరే. నిలబడి పనిచేసిన ఊరు కూడా అదే. నేనూ అక్కడ నిలబడే పనిచేశాను. నీకు పడిపోయిందొక్కటే గుర్తుంది, అప్పుడు చిన్నవాడివి." మనవరాలికి మాటలన్నీ అర్థమయ్యాయి. "లెట్ హర్ గో, డాడ్" అంది, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా. కిరణ్ మాత్రం ఒప్పుకున్నానని అనలేదు.

అసలు గండం ఇంట్లో కాదు, ఉల్సాన్‌లోనే ఉందని తర్వాత తెలిసింది. మిన్‌జీతో కలిసి స్కూలు నడిపే అతనికి ఆంటీ వయసు మీదా, యాస మీదా అనుమానం. వీడియోలో ఒక పాఠం చెప్పి చూపమన్నాడు. మాకు పొద్దున్న, వాళ్ళకు సాయంత్రం. ఆంటీ నూలు చీర కట్టుకుని వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నేను కెమెరాకు కనపడకుండా గోడవారగా నిలబడ్డాను. అప్పటికే సర్దిన కాగితాలను ఆవిడ మళ్ళీ మళ్ళీ సర్దుకున్నారు. ఆవిడ భయపడగా చూడటం అదే మొదటిసారి.

తెర మీద కనిపిస్తున్న క్లాసులో, చివరి వరుసలో నడివయసు ఆవిడ ఒకరు తల వంచుకు కూర్చున్నారు. ఓడల కంపెనీ ఆఫీసులో పని అట. ఆంటీ ఆమెనే పలకరించి, మీకు ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టమేది అని అడిగారు. ఆమె తల ఎత్తి, ఫోన్ అంది. ఇతర దేశాల రేవుల నుంచి ఫోన్లు వస్తాయి, వాళ్ళ మాట నాకు తెలియదు, నేను నేర్చుకున్న క్యాసెట్లలో గొంతులా ఉండదు అంది. ఆంటీ మొహం విచ్చుకుంది. "అయితే నేను విశాఖపట్నం రేవు నుంచి మాట్లాడుతున్నాను. మీ ఓడ ఇంకా రాలేదు. ఏం చేద్దాం?" అని చేతిలో లేని ఫోన్ చెవికి పెట్టుకున్నారు. ఆమె తడబడింది, ఆగింది, మళ్ళీ అడిగింది. ఆంటీ రెండోసారి చెప్పారు, మూడోసారి చెప్పారు. చివరికి ఓడ ఎందుకు ఆలస్యమైందో, ఏ రోజుకు వస్తుందో ఆమె పూర్తిగా చెప్పేసింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆంటీ తెర మీదున్న ఆ భాగస్వామి వైపు తిరిగి ఇంగ్లిష్‌లో నిదానంగా చెప్పారు. మీ ఓడలు వెళ్ళే రేవుల్లో ఫోన్ ఎత్తేవాళ్ళు ఎక్కువమంది నాలాగే మాట్లాడతారు. నా ఇంగ్లిష్ విశాఖలో మొదలై న్యూకాసిల్‌లో ముదిరింది. మీవాళ్ళకు అది పనికొస్తుందో లేదో మీరే చెప్పండి.

అతను ఏమీ చెప్పకముందే చివరి వరుస ఆవిడ కొరియన్‌లో ఏదో అంది. ఏమందని ఆంటీని అడిగాను తర్వాత. "ఈ టీచరు ఎప్పుడొస్తారు అని అడిగింది" అన్నారు. ఆ మాట చెబుతూ పైట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

వారం తిరక్కుండా, రమ్మని అతని దగ్గర్నుంచే కబురొచ్చింది. వెళ్ళే ముందు లైబ్రరీ క్లాసు నన్ను చూసుకోమన్నారు. నేను సాయం చేసేదాన్నే గానీ చెప్పేదాన్ని కాదన్నాను. "నీ చేత ఎందుకు చెప్పిస్తున్నాననుకున్నావు? నువ్వు భయపడ్డావు కాబట్టి. భయం ఎక్కడెక్కడ పట్టుకుంటుందో నీకు తెలుసు. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకి అది తెలీదు" అన్నారు. ఎయిర్‌పోర్టుకు కిరణే కారులో తీసుకెళ్ళాడు. లోపలికి వెళ్ళేటప్పుడు వంగి తల్లి బూటు లేసు బిగించి, "రోజూ ఫోన్ చెయ్యి" అన్నాడు. ఆవిడ అతని తల నిమిరి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఉల్సాన్‌లో మొదటి రోజు సాయంత్రం ఆవిడ నాకు ఫోన్ చేశారు. తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేసరికి, పెద్దవాళ్ళ క్లాసులో కొన్ని మొహాలు ఎక్కడో చూసినట్టు ఉన్నాయట. అప్పట్లో ఆవిడ దగ్గర చదివిన పిల్లల్ని మిన్‌జీ వెతికి పిలిపించింది. ఒకతను షిప్‌యార్డులో ఇంజనీరు, ఒకామె నర్సు. అందరూ లేచి నిలబడి టీచర్‌గారూ అని కొరియన్‌లో పిలుస్తూ వంగి దణ్ణం పెట్టారట. "ఏం చేశారాంటీ?" అని అడిగాను. "ఏం చేస్తాను, చెప్పకుండా వెళ్ళిపోయినందుకు ముందు వాళ్ళకి క్షమాపణ చెప్పాను. తర్వాత పాఠం మొదలెట్టాను" అన్నారు. ఏడాదికని వెళ్ళిన మనిషి ఇంకా అక్కడే ఉన్నారు. ఇప్పుడు కొత్త టీచర్లకు తర్ఫీదు ఇచ్చేది కూడా ఆవిడేనట. కిరణ్ కూతుర్ని తీసుకుని ఒక వేసవికి వెళ్ళొచ్చాడు. అమ్మ అక్కడ రోడ్డు మీద నడుస్తుంటే జనం ఆగి పలకరిస్తారని, నాకు ఫోన్‌లో తనే ఆ పాఠాలు చెప్పినంత గర్వంగా చెప్పాడు.

నేను హాస్పిటల్‌లో ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడూ, తర్వాత ఎంతోమంది ముందు నిలబడి మాట్లాడవలసి వచ్చినప్పుడూ, నా నిజామాబాద్ ఇంగ్లిష్‌ను ఎవరికోసమూ మార్చుకోలేదు. అర్థం కాలేదంటే మళ్ళీ చెప్పాను. పాప పుట్టాక క్లాసు వదిలేసినప్పుడు ఇక అది అయిపోయిందనే అనుకున్నాను. కానీ ఇరవై ఏళ్ళ తర్వాత వెళ్ళి పాఠం అందుకున్న మనిషిని కళ్ళారా చూసినదాన్ని. నాలుగేళ్ళు ఒక లెక్కా అనిపించి, లైబ్రరీకి వెళ్ళి శనివారాలు గది మళ్ళీ అడిగాను.

ఆ మొదటి శనివారం క్లాసు అయ్యాక, సూడాన్ నుంచి వచ్చిన ఒకావిడ కోటు వేసుకుంటూ నా దగ్గర ఆగింది. మీరూ మాలాగే వచ్చారు కదా, మీకు ఎవరు నేర్పారు అని అడిగింది. సత్యవతి అని మా ఆంటీ ఒకరు, ఇప్పుడు కొరియాలో పాఠం చెబుతున్నారు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా వెన్ను దానంతటదే నిటారైంది.