అక్క టీవీ గేము

మా అక్కకు పక్షవాతం వచ్చింది మొదలు నా ఆదివారాలన్నీ తిరుత్తణి రైలుకే పోయాయి. నేను ఉండేది తిరువళ్ళూరులో. ఆవడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో తయారైన విడిభాగాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పంపే పని నాది. రోజంతా నిలబడాలి. ఇల్లు చేరేసరికి పిక్కలు రాళ్ళయిపోతాయి. వారానికి ఒక్కనాడు కాళ్ళు చాపుకుందామనుకుంటే ఆ ఒక్కనాడూ మళ్ళీ ప్లాట్‌ఫారమే. అక్క మీద ప్రేమ లేదా అంటే ఉంది. ప్రేమ ఉన్నంత మాత్రాన నడుం నొప్పి తగ్గదు కదా.

అక్క తిరుత్తణిలో జాకెట్లు కుట్టేది. ఇంటి ముందుగదే ఆమె అంగడి. కొండమీద గుళ్ళో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు ముందురోజు సాయంత్రం పరుగెత్తుకొచ్చి, కొలత తప్పిన పెళ్ళికూతురి జాకెట్టు ఆమె చేతిలో పెట్టి ఏడుపు మొహాలతో నిలబడేవాళ్ళు. అక్క వాళ్ళను తిడుతూనే కుట్టు విప్పి, సరిచేసి పంపేది. ఆ కుడిచెయ్యి ఇప్పుడు ఎవరిదో వస్తువు దాచిపెట్టమని ఇచ్చినట్టు ఆమె ఒళ్ళో పడి ఉండేది. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది, గోడ పట్టుకుని నడవగలదు. మాట మెల్లగా తిరిగింది, తిరిగాక పదునేమీ తగ్గలేదు. చెయ్యి మాత్రం రాలేదు.

వ్యాయామం నేర్పే ఆయన ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నాడు. కొన్నాళ్ళు పిసికింది. ఒక ఆదివారం నేను పోయేసరికి ఆ బంతి మంచం కింద దుమ్ములో ఉంది.

"ఏమక్కా, చెయ్యడంల్యా?" అన్నాను.

"ఎన్ని దినాలు పిసకాలరా దాన్ని? పిసికితే ఏమైతాది, బంతి బంతిగానే ఉంటాది," అంది. అంతలోనే టీవీ వైపు తిరిగి, "రేయ్, ఆ టీవీ గేము యాడుండాది?" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. అక్కకు పెళ్ళి కాకముందు మా వీధి మొదట్లో ఒక వీడియో గేముల అంగడి ఉండేది. టీవీలు వరుసగా పెట్టి పిల్లకాయల చేత ఆడించేవారు. ఆడపిల్లలు ఆ గడప తొక్కేవాళ్ళు కారు. ఆ అంగడాయన కూతురి పెళ్ళికి జాకెట్లన్నీ అక్కే కుట్టింది. తర్వాత ఆయన అంగడి మూసేస్తూ, ఒక గేము సెట్టూ రెండు ఆటల క్యాసెట్లూ తెచ్చి ఆమెకు ఇచ్చి పోయాడు. అక్క పొద్దంతా మిషను తొక్కి, పని అయ్యాక టీవీ ముందు చాప పరుచుకుని కూర్చునేది. ఒక చిన్న మనిషి గుంతలూ ముళ్ళూ దూకుతూ కుడివైపుకు పరుగెత్తే ఆట ఆమెకు ఇష్టం. నేను ఎప్పుడూ మొదటి మలుపు దాటేవాణ్ణి కాను. అక్క మాత్రం కన్నార్పకుండా చివరిదాకా పోయేది. ఆట ముగిస్తే గర్వపడేది కాదు, "సరి, ఉడుకుడుకుగా కాఫీ పెట్టుపో" అనేది.

పెళ్ళయ్యాక ఆ సెట్టు పుట్టింట్లోనే ఉండిపోయింది. నేను తిరువళ్ళూరుకు కాపురం మార్చినప్పుడు సామాన్లతో పాటు అదీ వచ్చింది. మా అటక మీద ఎక్కడో ఉండాలి.

"అది ఇంకా పని చేస్తాదా అక్కా?"

"నువ్వు ఐటీఐలో ఎలెక్ట్రానిక్సేగా చదివినావు. చెయ్యి."

ఆ రోజు లీవులో ఇంటికొచ్చి ఉన్న నా మేనకోడలు నవ్వింది. ఆమె శ్రీపెరుంబుదూరు వైపు ఉద్యోగం చేస్తుంది. "అదెందుకు మామా అంత కష్టం? ఆ గేమ్ ఫోన్లోనే ఉండాది, ఇప్పుడే డౌన్‌లోడ్ చేసిస్తాను," అని చేసి తల్లి చేతికి ఇచ్చింది. అక్క కాసేపు ప్రయత్నించి ఫోను పక్కన పెట్టేసింది. "అద్దం మింద వేలు పెడితే నొక్కినానో లేదో నాకే తెలీడంల్యా. బటను ఉండాల. నొక్కితే లోపలికి పోవాల," అంది.

వంటింట్లోంచి బావ సాంబారు గిన్నె తెచ్చి పెట్టాడు. బావ ఒకప్పుడు లారీ మీద దూరదూరాలు పోయేవాడు. అక్క పడిపోయాక లారీ వదిలేసి, ఊళ్ళోనే షేర్ ఆటో తోలుతున్నాడు. స్టేషను నుంచి కొండకు, కొండ నుంచి స్టేషనుకు. మధ్యలో ఇంటికొచ్చి వండి, ఆమెకు పెట్టి మళ్ళీ పోతాడు. ఈ మొగుడూ పెళ్ళాలు పెళ్ళయిన నాటినుంచీ పోట్లాడుకున్నవాళ్ళే. అక్క ఒకటంటే బావ రెండనేవాడు, వీధి వీధంతా వినేది. ఆ రోజు అక్క ఒక ముద్ద తిని, "ఏమయ్యా ఇది, చింతపండు నీళ్ళా?" అంది. బావ "సరిమే, మళ్ళా పెడతాను," అని గిన్నె తీసుకుపోయాడు.

అక్క నావైపు వంగి, "చూసినావా? ఎంత తిట్టినా ఇంతే. నామింద జాలి వచ్చేసింది ఆ మనిసికి. దానికన్నా చెయ్యి పొయ్యిందే మేలు," అంది.

ఆ మాట నాతో పాటు రైల్లో తిరువళ్ళూరు దాకా వచ్చింది. ఆ వారంలోనే అటక ఎక్కాను.

సెట్టు పాత దుప్పటిలో చుట్టి ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండే ప్లాస్టిక్కు ముసలివాళ్ళ పళ్ళ రంగులోకి తిరిగింది. మరలు విప్పి చూస్తే లోపల బల్లి గుడ్ల పెంకులు, బొద్దింకల రెక్కలు. కరెంటు వచ్చే చోట ఒక కండెన్సరు ఉబ్బి, కారి, బోర్డు మీద పచ్చటి చిలుము పట్టించింది. మా ఆవిడ దాన్ని చూసి, "వంటింట్లోకి మాత్రం తేవొద్దండి," అంది. అయినా పై పెంకు తనే సబ్బునీళ్ళతో కడిగి, మిద్దెమీద ఎండుతున్న వడియాల పక్కన ఆరబెట్టింది.

పని మాత్రం కదల్లేదు. డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, దాని ముందు కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. పగలంతా చూసినవి లోహపు ముక్కలే, ఇంటికొస్తే మళ్ళీ ఇవే. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోపు గోడకు ఆనుకుని నిద్రపోయిన రోజులున్నాయి. ఒకసారి అలా నిద్రపోయి లేచేసరికి చాప కాలి కమురు వాసన. మా ఆవిడ ఐరన్ ప్లగ్గు పీకేసి లోపలికి పోయింది. దీన్నంతా ఎత్తి పాతసామాన్లవాడికి వేద్దామని చాలాసార్లు అనిపించింది. అక్క ఫోన్ చేసి, "ఎంతవరకు వచ్చింది?" అని అడిగేది. "అయితా ఉండాది," అనేవాణ్ణి.

బజారులో ఒకాయన ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు ఫోన్లకు కవర్లూ అద్దాలూ అమ్ముతున్నాడు. కండెన్సర్ల కోసం ఆయన దగ్గరికి పోతే బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదింకా బతికుండాదా? ఎవురికి సార్ ఇది, పిలకాయలకా?"

"మా అక్కకు."

ఆయన బల్ల కిందనుంచి ఒక డబ్బా తీసి, "మీకు కావల్సింది ఏరుకోండి, నాకింక ఇవి పనికిరావు," అన్నాడు. కండెన్సర్లు దొరికాయి, వోల్టేజి తగ్గించే రెగ్యులేటరు కూడా దొరికింది. అక్కడే స్టూలు మీద కూర్చుని కాసేపు ఏరుతూ ఉంటే, ఫ్యాన్ గాలికి అక్కడే పడుకోవాలనిపించింది.

చిలుము గీకి స్పిరిట్‌తో తుడిచాను. కొత్త కండెన్సర్లు వేశాను. క్యాసెట్ల అంచున ఇత్తడి రంగు గీతలు నల్లబడి ఉంటే పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్దాను. ఎర్ర దీపం వెలిగింది, బొమ్మ రాలేదు. ఆ సెట్టు ఏరియల్ తీగ గుండా పాత టీవీకి బొమ్మ పంపేది. దానికోసం లోపల ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది. అది చచ్చిపోయింది. ఆ డబ్బాలోకి పోకముందే బొమ్మ తీగను పట్టుకుని, ఇప్పటి టీవీ వెనక ఉండే పసుపు రంగు రంధ్రానికి కలిపాను. బొమ్మ వచ్చింది కానీ అమావాస్య చీకట్లో ఉన్నట్టుంది. ఒక ట్రాన్సిస్టరు కలిపాక వెలుగొచ్చింది. రంగులు కొంచెం పాలిపోయాయి. ఇంతకంటే నావల్ల కాదనుకున్నాను.

కష్టం చేతిలో పట్టుకునే రిమోటు దగ్గర వచ్చింది. బటన్ల కింద ఉండే రబ్బరు అరిగిపోయి, ఎంత గట్టిగా నొక్కినా పలకడం లేదు. అక్కకు కావల్సిందే ఆ బటను. మెత్తటి పెన్సిలు పొడి రుద్ది చూశాను. ఒకరోజు పని చేసి మరునాడు ఆగిపోయింది. చివరికి పాత టీవీ రిమోటు ఒకటి విప్పి, దాని రబ్బరులోంచి నల్ల బిళ్ళలు కోసి అతికించాను. నొక్కితే లోపలికి పోయింది, వేలెత్తితే పైకొచ్చింది. నాకు సంతోషం కూడా కలగలేదు. అయిపోయిందన్న అలసట మాత్రం కలిగింది.

తరువాతి ఆదివారం దాన్ని సంచిలో పెట్టుకుని తిరుత్తణి పోయాను. అది కొండకు మొక్కుల జనం వచ్చే కృత్తిక నాడని మరిచిపోయాను. కావళ్ళ మధ్య, జనం మధ్య సంచి గుండెకు అదుముకుని నిలబడే ప్రయాణం.

అక్క చాప మీద కూర్చుంది, గోడకు ఆనుకుని. టీవీలో చిన్న మనిషి కనిపించగానే, "అయ్యో, వీడు ఇంకా ఇంతే ఉండాడే!" అంది. ఎడమచేత్తో బాణం బటన్లు నొక్కింది. వాడు పరుగెత్తాడు. అలవాటు పోలేదు, ముళ్ళ ముందు ఆగింది, వెనక్కి వచ్చింది, సమయం చూసుకుంది. దూకే బటను కుడివైపున ఉంది. దానిమీద అక్క బొటనవేలును నేనే తీసి పెట్టాను. గుంత వచ్చింది. వేలు కదల్లేదు. వాడు గుంతలో పడ్డాడు. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ పడ్డాడు. అక్క మొహం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ నేను చేసిన పనికి అర్థం లేదని నాకు అప్పుడే తోచింది. కుడిచెయ్యి కావాలన్న సంగతి నాకు ఎందుకు తట్టలేదో తెలియదు.

"తీగలు మార్చి ఆ బటను ఎడమపక్కకు తెస్తానక్కా," అన్నాను.

"వొద్దు. తీసెయ్ దీన్ని," అంది.

అప్పుడే బావ మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. కృత్తిక కాబట్టి తెల్లారినప్పటినుంచి ఆటో దిగలేదు, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. మమ్మల్నిద్దర్నీ, టీవీనీ చూశాడు. అక్క కుడిపక్కన కూలబడి, ఆమె బొటనవేలి మీద తన వేలు పెట్టాడు.

"నువ్వు తోలు. ఎబ్బుడు దూకాలో చెప్పు, నేను నొక్కుతాను."

అక్క ఎడమచెయ్యి కదిపింది. గుంత దగ్గరికి రాగానే, "దూకు!" అంది. వాడు పడ్డాడు.

"దూకినా గదే!"

"పడినాక దూకితే ఏం లాభమయ్యా? లారీ కూడా ఇట్లే తోలినావా?"

"నువ్వు ముందే చెప్పల్ల. అంచుకు పోయినాక అరిస్తే నేనేమి దేవుణ్ణా?"

"నోరు మూసుకోని నొక్కు!"

"నువ్వు సరిగ్గా తోలుమే ముందు!"

పక్కింటామె గుమ్మం దగ్గరికి వచ్చి తొంగిచూసి, నన్ను చూసి నవ్వి వెళ్ళిపోయింది. నేను గోడకు చేరగిలబడ్డాను. వాళ్ళు గుంత దాటారో లేదో నాకు తెలియదు, నిద్రపట్టేసింది. లేచేసరికి అన్నం చల్లారి ఉంది, వాళ్ళింకా తిట్టుకుంటూనే ఉన్నారు.

తర్వాత అది వాళ్ళింట్లో అలవాటయింది. సెట్టు కాసేపటికి వేడెక్కి బొమ్మ వణికేది. ఆపి, టీ తాగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. అక్క చెయ్యి పూర్తిగా బాగుపడలేదు. సూది పట్టుకోలేదు, ఇక పట్టుకోలేనని ఆమే చెప్పి మిషనుకు గుడ్డ కప్పేసింది. ఆ రోజు ఆమె ఏడ్చింది. అన్నం కలుపుకోవడం ఎడమచేత్తోనే. కానీ బొటనవేలు మాత్రం కొద్దిగా కదలసాగింది. వ్యాయామం నేర్పే ఆయన దాన్ని పట్టి చూసి బంతి పిసుకుతున్నారా అని అడిగితే, అక్క అవునని అబద్ధం చెప్పింది.

ఒకసారి బావ నన్ను స్టేషను దగ్గర దింపి, ఆటో ఆపి బీడీ వెలిగించుకున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"నువ్వు ఇంకా ఆ గుంత కాడ ఆలస్యంగానే నొక్కుతావు బావా," అన్నాను, ఊరికే మాట కలపడానికి.

"తెలిసే నొక్కుతానప్పా," అన్నాడు. "నేను ఆలస్యం చేస్తే మీ అక్కకు కోపం వస్తాది. కోపం వస్తే నా వేలు కింద ఆమె వేలు దానంతట అదే నొక్కుతాది. నాకు తగులుతాది గదా. ఒకోసారి వస్తాది, ఒకోసారి రాదు. ఆమెకు చెప్పొద్దు."

కొండకు పోవాల్సినవాళ్ళు ఎవరో వచ్చి బేరమాడకుండానే వెనక సీట్లో కూర్చున్నారు. బావ బీడీ ఆర్పి, చెవి వెనక పెట్టుకుని ఆటో తిప్పాడు.