నోటితో కొట్టిన హారన్

చాలా ఏళ్లుగా లారీ తోలుతున్నాను. పాత ఓనరు ఫోన్ చేశాడంటే "యాడుండావ్? హారన్ కొట్టు, వింటా" అనేవాడు. హారన్ వినిపించకపోతే బండి ఆపి నిద్రపోతున్నామని లెక్క, జీతంలో కోత. ఆ బాధ పడలేక, డ్రైవర్లను బాగా చూసుకుంటుందని పేరున్న ఒక అక్క కంపెనీలో చేరాను.

మొదటి ట్రిప్పు. విడపనకల్లులో ఎండుమిరపకాయల లోడెత్తుకుని బెంగళూరు పోతూ, మధ్యాహ్నం రాప్తాడు దాబాలో తిని మంచం మీద నడుం వాల్చాను. కళ్లు మూతపడ్డాయో లేదో ఫోను మోగింది. ఓనరక్క!

"యాడుండావన్నా?"

పాత అలవాటు ఊరికే పోతుందా? "పోతాండానక్కా, బండి రోడ్డు మీదే ఉండాది" అన్నాను. ఆమె అడగకముందే, పడుకున్న చోటే నోటితో "పాంయ్... పాంయ్" అని హారన్ కూడా కొట్టేశాను.

వెనకనుంచి పగలబడి నవ్వు! తిరిగి చూస్తే, చెవి దగ్గర ఫోనుతో ఓనరక్క. కారులో పోతూ తన లారీ కనబడి ఆగిందట. దాబా అంతా నావైపే చూస్తోంది. ఉద్యోగం ఊడిందనుకుని లుంగీ సర్దుకుంటూ లేచాను.

"హారన్ బాగుండాదన్నా! తిన్నావో లేదో అడుగుదామని చేసినా, అంతే. నిద్ర కండ్లతో తోలితేనే నాకు కోపం. పండుకో, మిరపకాయలేం కుళ్లిపోవు" అనేసి వెళ్లిపోయింది.

పడుకోమంటే నిద్ర పడితేనా! సంతోషం పట్టలేక మా ఆవిడకు ఫోన్ చేసి, "ఓనరే పండుకోమనిందే!" అని అరిచాను.

అటునుంచి ఒకటే ప్రశ్న: "పట్టపగలే తాగినావా?"