గిరిజ కమాన్ కట్ట

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో గిరిజ వాళ్ళ వీధిలో ఏ ఇంటి ముందు చూసినా కడిగిన ముత్యాల్లాంటి ఎలక్ట్రిక్ కార్లే. వీళ్ళ గరాజ్‌లో మాత్రం ఇంచుమించు ఆమె వయసున్న పికప్ ట్రక్కు ఒకటి, తుప్పు పట్టిన రేకులతో కూర్చుని ఉండేది. సత్యనారాయణ వ్రతానికి పిలవడానికి వచ్చిన రాధారాణి గారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏంటమ్మా గిరిజా, ఇది నడుస్తుందా, లేక దండం పెట్టుకోవడానికా?" అని అడిగింది. గిరిజ నవ్వి కాఫీ ఇచ్చింది. తనకు పిచ్చెక్కకుండా కాపాడుతున్నది ఆ తుప్పు బండేనని ఆవిడకు చెబితే, వచ్చే వ్రతానికి పిలుపు ఉండదు.

గిరిజది విజయవాడ. తండ్రి పరంధామయ్యకు ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టలు చేసే షెడ్డు ఉండేది. ఇరుసుకూ బండికీ మధ్య బరువు మోసే ఉక్కు పట్టీల దొంతరే కమాన్ కట్ట. ఆ సుత్తి దెబ్బల మధ్య పెరిగిన పిల్ల మెకానికల్ ఇంజనీరింగ్ చదవడంలో వింత లేదు. రాజీవ్‌ను పెళ్ళి చేసుకుని అమెరికా వచ్చాక, భర్త వీసా మీద ఆధారపడిన వర్క్ పర్మిట్ కోసం ఏళ్ళు కాచుకుని, చివరికి ఇరుసులు పరీక్షించే ఒక ల్యాబ్‌లో ఉద్యోగం సంపాదించింది. కిందటి ఏడాది ఆ పర్మిట్ గడువు తీరింది. కొత్తది రాలేదు. ల్యాబ్ వాళ్ళు కేకు కోసి, కార్డు రాగానే ఫోన్ చెయ్యమని సాగనంపారు.

కార్డు వస్తే కదా! జీతం తీసుకోకపోయినా సరే, బయట షెడ్డుల్లో పని చేసి కొత్త తలనొప్పులు తెచ్చుకోవద్దని లాయరు చెప్పాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేకపోయింది, బయట పని చేయలేకపోయింది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు. సొంత గరాజ్‌లో సొంత బండి విప్పుకుంటే మాత్రం ఏ చట్టమూ అడగదు. అందుకే కొన్నది ఆ ట్రక్కును.

దానితో డ్రాగ్ రేస్‌కు వెళ్ళాలని ఆమె కోరిక. ఆ పందెంలో మలుపులు ఉండవు. తిన్నని రోడ్డు మీద రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు వెలగగానే దూకుతాయి, అంతే. అయితే పికప్‌కు బరువంతా ముందర ఉంటుంది, వెనక ఖాళీ డబ్బా. గట్టిగా తొక్కితే వెనక చక్రాలు రోడ్డును పట్టుకోక ఉన్నచోటే గిర్రున తిరిగి పొగ కక్కేవి. పైగా ఆ ఊపుకు ఇరుసు మెలి తిరిగేది. ఆ చక్రాలకు పట్టు తేవడమే గిరిజ పెట్టుకున్న పని.

పుట్టింటి వైద్యం ఊరుకుంటుందా? ఆటోనగర్‌లో ఏ రోగానికైనా ఒకటే మందు: ఇంకో పట్టీ ఎక్కించు. పాత సామాన్ల యార్డులో లావుపాటి పట్టీలు వెతికి తెచ్చి, రెండు పక్కలా కమాన్ కట్టలకు ఒక్కోటి చేర్చింది. కమాన్ బిగిస్తే ఇరుసు మెలి తిరగదనుకుంది. బండి వెనక భాగం ఠీవిగా పైకి లేచింది. కానీ తొక్కేసరికి చక్రాలు దడదడమని ఎగరడం మొదలుపెట్టాయి. అంతకుముందు జారేది, ఇప్పుడు గంతులేస్తోంది. గిరిజ పళ్ళు కదిలిపోయాయి.

సరిగ్గా అప్పుడే రాజీవ్ ప్రాజెక్ట్ ముగిసింది. కొత్తది వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో. నెలాఖరుకల్లా మారాలి.

"ట్రక్ అమ్మేద్దాం గిరీ," అన్నాడు రాజీవ్ అన్నం తింటూ. "అక్కడ అపార్ట్‌మెంట్. ఒక్కటే పార్కింగ్ స్లాట్."

"నీ కారు అమ్మేయ్ అయితే."

"జోక్ కాదు. యాడ్ పెడదాం. మనం మూవ్ అయ్యేలోపు ఎవరైనా కొంటే ఇచ్చేద్దాం. ఎవరూ కొనకపోతే ట్రెయిలర్ బుక్ చేసి నేనే లాక్కొస్తా. ఎక్కడో ఒకచోట పార్క్ చేద్దాం. ప్రామిస్."

గిరిజ ఒప్పుకుంది. రాజీవ్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కడుపారా పోట్లాడేది.

యాడ్ చూసి మొదట వచ్చినవాడు డేల్ అనే తెల్లగడ్డం అమెరికన్. ముసలి పికప్‌లతో రేసులు ఆడడమే అతని వ్యసనం. ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒకసారి తొక్కి చూసి దిగిపోయాడు. "ఇంజను బంగారం. కానీ ఈ గంతులు ఎవరు భరిస్తారు?" అని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన కుర్రాడూ అదే మాట అన్నాడు. గిరిజ ముఖం దిగాలుగా పెట్టింది, లోపల మాత్రం పండగ. ఆ సాయంత్రం ఏ పండగా లేకుండానే పులిహోర కలిపింది. రెండోసారి వడ్డించుకుంటూ రాజీవ్ కారణం అడగలేదు.

అమాయకుడు, యాడ్‌కు వీడియో ఉంటే బాగుంటుందనుకున్నాడు. మర్నాడు ఆమెను నడపమని, తను పక్కన నిలబడి ఫోన్‌లో తీశాడు. ఇంటికి వచ్చాక గిరిజ ఆ వీడియోను నెమ్మదిగా నడిపించి చూసింది. వెనక టైరు రోడ్డును వదిలి పైకి లేస్తోంది. టైరు కింద వెలుతురు కనిపిస్తోంది.

ఖాళీ లారీ! బెజవాడలో సరుకు దింపేసి వెళ్ళే లారీలు గతుకుల మీద ఎలా ఎగిరేవో చిన్నపిల్లకైనా తెలుసు. బరువు మోయడానికి కట్టిన కమాన్‌కు బరువు లేకపోతే అది చక్రాన్ని నేల మీద నిలవనివ్వదు. జన్మలో ఒక బస్తా ఎత్తని బండికి తను పది టన్నుల కమాన్ కట్టింది. తప్పు ఎక్కడుందో, ఎలా దిద్దాలో ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఆ వెంటనే ఇంకోటి కూడా తెలిసింది. దిద్దకుండా ఊరుకుంటే బండి తనది. దిద్దితే ఇంకొకరిది.

కొన్నాళ్ళు గరాజ్ తలుపు తీయలేదు. గిన్నెలు సర్దింది, అట్టపెట్టెలకు టేపు వేసింది. గరిటె చుట్టబోయినా, దుప్పటి మడతపెట్టబోయినా ఆ లేచిన టైరే కళ్ళ ముందు ఆడేది. తప్పు అని తెలిసి వదిలేయడం ఆమెకు చేతకాని విద్య. కంట్లో నలుసు పడినవాడు నిద్రపోగలడా? చివరికి ఒక ఉదయం రాజీవ్ ఆఫీస్‌కి వెళ్ళగానే గరాజ్‌లోకి దిగింది. ఒక్కసారి తిన్నగా నడిపి చూసుకుని, మళ్ళీ ఆ పట్టీలు ఎక్కించేస్తానని తనకు తాను చెప్పుకుంది. తాగుబోతు కూడా ఇదే ఆఖరి గ్లాసు అంటాడు.

ఎక్కించిన పట్టీలు ఊడదీసింది. ఇరుసు మెలి తిరగకుండా రెండు పక్కలా కమాన్ కింద ఉక్కు కడ్డీలు బిగించింది. ఒక కొస ఇరుసుకు కట్టి ఉంటుంది, రెండో కొసన రబ్బరు బుడిపె. ఇరుసు తిరగబోతే ఆ బుడిపె పైకి వచ్చి కమాన్‌కు ఆని ఆపుతుంది. బండి దూకేటప్పుడు కుడి చక్రం తేలికవుతుంది కాబట్టి, కుడివైపు బుడిపెను కమాన్‌కు తగిలించి, ఎడమవైపు వేలు దూరేంత సందు వదిలింది. మెత్తని టైర్లు వేసి గాలి తగ్గించింది. పని చేసినన్నాళ్ళూ కూనిరాగాలు తీసింది. వీసా గుర్తు రాలేదు, బెంటన్‌విల్ గుర్తు రాలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం డ్రాగ్ స్ట్రిప్‌లో ఎవరైనా బండి తెచ్చి నడుపుకోవచ్చు. ఆ ఏటికి అదే చివరి రోజు. రాజీవ్ కూడా వచ్చాడు, ఫోన్ పట్టుకుని. హెల్మెట్ పెట్టుకుని గిరిజ బండిని లైన్‌లో నిలిపింది. పట్టు పెరిగేలా, నీళ్ళ మడుగులో టైర్లు ఉన్నచోటే గిర్రున తిప్పి వేడెక్కించింది. పచ్చ లైటు వెలిగింది. తొక్కింది.

జారలేదు. ఎగరలేదు. వెనక భాగం ఒక్కసారి కుదురుగా కూర్చుని, ఎవరో నడుం మీద చెయ్యి వేసి తోసినట్టు బండి ముందుకు దూసుకుపోయింది. గిరిజ వీపు సీటుకు అతుక్కుపోయింది. గట్టిగా అరిచింది, తెలుగులోనే. పక్క లైన్‌లో ఎవరున్నారో, ఎవరు గెలిచారో ఆమె చూడనే లేదు. ఇన్నాళ్ళుగా ఎక్కడెక్కడో ఆగిపోయిన మనిషి ఆ తిన్నని రోడ్డు చివరిదాకా ఆగకుండా వెళ్ళింది.

వెనక్కి వచ్చేసరికి కంచె దగ్గర డేల్ నిలబడి ఉన్నాడు. బండి కిందికి వంగి చూసి, "ఏం చేశావు దీన్ని?" అని అడిగాడు. ల్యాబ్ వదిలాక ఆమెను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. గిరిజ నేల మీద మోకాళ్ళు ఆనించి అంతా చెప్పింది. పట్టీ ఎక్కించిన తన తప్పు, ఖాళీ లారీ, బుడిపెల సందు, టైర్ల గాలి. చేతులు తిప్పుతూ, మొహం వెలిగిపోతూ చెప్పింది. అతను శిష్యుడిలా విన్నాడు.

"ఇంకా అమ్మకానికి ఉందా?"

"ఉంది, ఉంది!" అన్నాడు రాజీవ్ వీడియో ఆపి, ఆమెకేదో బహుమతి వచ్చినంత సంబరంగా.

డేల్ మాత్రం గిరిజ వైపే చూశాడు. "కట్టినదానివి నువ్వు. నిజం చెప్పు. దీనిలో ఇంకా ఏదైనా లోపం దాగి ఉందా?"

ఒక్క అబద్ధం చాలు. గేర్‌బాక్స్ జారుతోందనో, ఇరుసు పగిలేలా ఉందనో అంటే అతను దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. రాజీవ్ ట్రెయిలర్ బుక్ చేస్తాడు. గిరిజ నోరు తెరిచింది. తన చేతులతో బిగించిన ప్రతి బోల్టూ ఆమెకు తెలుసు.

"లేదు," అంది. "ఏ లోపమూ లేదు."

బండి తాళాలు డేల్‌కు ఇచ్చేసి ఇంటికి కారులో వస్తుంటే రాజీవ్ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్నాడు. "నువ్వు ఫిక్స్ చేయకపోతే ఎవడు కొనేవాడు గిరీ? సీరియస్‌గా చెప్తున్నా, వాటే జాబ్!"

ఏడాదికి పైగా ఆమె పనిని మెచ్చుకున్న నోరు లేదు. ఆ మాట కోసం ముఖం వాచిపోయి ఉంది. అందుకే ముందు సంతోషమే కలిగింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని ఏడుపు ఆ తర్వాత వచ్చింది. రేపు మళ్ళీ అదే బండి దొరికినా, అదే తప్పు కనిపించినా, మళ్ళీ దిద్దుతానని ఆమెకు తెలుసు.

"థాంక్స్," అంది గిరిజ, కిటికీ వైపు తిరిగి.