చెత్తడబ్బా మాయమైన ఫొటో

మా అమ్మాయి సుధ తీసిన ఫొటో ఈ రోజు తను పనిచేసే పేపర్ మొదటి పేజీలో పడిందండీ! మేముండే వెర్రిబీ ఊళ్లో వాన నీళ్లు నిండిన వీధిలో ఒక పెద్దాయన కుక్కపిల్లను చంకనెత్తుకుని, రెండో చేత్తో నడుమెత్తు చెత్తడబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంత మంచి ఫొటోలో చెత్తడబ్బా ఎందుకని, ఫోన్లో దాన్ని చెరిపేసి చుట్టాల గ్రూపులో పెట్టేశాను.

సాయంత్రం సుధ అది చూసి అదిరిపడింది.

"నాన్నా, బిన్ ఏది?"

"తీసేశానమ్మా. నీ పెళ్లికి రాని బాబాయిని ఆల్బంలో అతికించలేదూ?"

"అది పెళ్లి నాన్నా, ఇది న్యూస్! నేనే మార్చాననుకుంటే నా జాబ్ పోతుంది. అయినా చూడు, బిన్ ఆసరాతో నిలబడ్డ మనిషి ఇప్పుడు తాగి తూలుతున్నట్టున్నాడు!"

నిజమే సుమండీ! వెంటనే తీసేశాను గానీ, అప్పటికే నలుగురికీ పాకిపోయింది. మీరెవరైనా ఇలాంటి ఘనకార్యం చేశారా? అసలు ఫొటో ఇక్కడ పెడుతున్నాను. ఇక నేను శుభవార్త చెప్పి, ఆ దొంగ ఫొటో తీసేయమనాల్సిన వాళ్లు: విజయవాడ పెద్దబావగారు, గుడివాడ చిన్నక్క, బ్లాక్‌టౌన్ వియ్యంకులు, పెళ్లికి రాకుండానే ఆల్బంలో నవ్వుతున్న మా తమ్ముడు సత్యం.