ఖాళీ కుర్చీకి వేసిన ప్రశ్న

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. ఆమె ఆడపడుచు అదే బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. ఆ పిల్ల హాలంతా వినబడేట్టు "వదినా" అని కేకేస్తుంటే వయసులో పెద్దవాళ్లకు కూడా అదే పిలుపు అలవాటైపోయింది. వదినది ఇస్త్రీ పని. చొక్కా చేతికి రాగానే ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. ఎవరో చేసిన తప్పు తన పెట్టె కింద పడి తన నెత్తికి చుట్టుకుంటుందని ఆమె భయం. ఆ అలవాటు చొక్కాల దగ్గర ఆగలేదు. కూరగాయల మనిషి తనంతట తాను రెండు మిరపకాయలు ఎక్కువేస్తే, ఇంటికెళ్లి సంచీ అడుగున పుచ్చులు వెతుకుతుంది.

అలాంటి మనిషికి కార్మిక సంఘం వాళ్లు కెమెరా పని నేర్పుతామని కబురు పెట్టారు. ఊరికే నేర్పుతారట. ఊరికే అనగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. సంఘం కార్యదర్శి ఓపికగానే చెప్పాడు. మన బాధలు వీడియో తీయడానికి వచ్చే విలేకరులు ముందు యజమాని గదిలో కాఫీ తాగుతారని, ఆ తర్వాత వాళ్లకు మన హాలు దాకా నడిచే ఓపిక ఉండదని, మన కథ మనమే తీసుకోవాలని అన్నాడు. మాట బాగుంది. బాగున్న మాటే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంటుంది. అయినా ఒప్పుకుంది. ఏం జరుగుతోందో లోపలికెళ్లి చూస్తే పోలా అనుకుంది.

పంక్చర్లు వేసే కొట్టు మీది గదిలో క్లాసు. నేర్పేది టీవీలో కెమెరా పట్టి రిటైరైన మాస్టారు. ఉన్నది ఒకే కెమెరా, ఒక కాలు వదులైన స్టాండు. పెద్ద స్టూడియోల్లో నాలుగు కెమెరాలు ఒకేసారి చూస్తాయని, మనకు ఒక్కటే ఉంది కనుక చూసిందే మళ్లీ మళ్లీ చూడాలని ఆయన మొదలుపెట్టాడు. తలుపు తీసుకుని వచ్చే మనిషిని ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి, ఆ తర్వాత గొళ్లెం మీద చెయ్యి ఒక్కటే తీయాలి. ఆ మనిషి ప్రతిసారీ అదే చేత్తో, అదే తీరుగా తలుపు తీయాలి. అన్నీ అతికిస్తే చూసేవాళ్లకు ఒక్కసారే వచ్చినట్టుంటుంది.

"అంటే రాని మనిషిని కూడా వచ్చినట్టు చూపించొచ్చన్నమాట," అంది వదిన.

మాస్టారు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును కూడా ఆమె తిరగేసి చూసింది.

ఇంట్లో మొగుడు, ఈ వయసులో సినిమాల్లోకి పోతావా అని వెక్కిరించాడు. సాధన కోసం భోజనాల వేళ కెమెరా పట్టుకెళ్తే ఆడవాళ్లు మాటలు ఆపేసి డబ్బా మూతలు పెట్టేసుకున్నారు. వదిన మేనేజరు మనిషైపోయిందని కుళాయి దగ్గర ఒకరంటే, కాదు సంఘం మనిషైందని ఇంకొకరన్నారు. లోకం మొత్తాన్ని అనుమానించే మనిషిని లోకం తిరిగి అనుమానించడం ఆమెకు బొత్తిగా నచ్చలేదు.

ఇంతలో కుట్టు హాల్లో ఒక మోటారు కాలి పొగ కమ్ముకుంది. అందరూ ముందు ద్వారం మీద పడ్డారు. ఆడపడుచు మాత్రం వెనక తలుపు దగ్గరకు పరిగెత్తింది. ఆ తలుపుకు లోపలి వైపున గొలుసు, గొలుసుకు తాళం. గుడ్డ ముక్క కూడా బయటకు పోకూడదని ఆ కట్టుదిట్టం. బట్ట విలువ తెలిసిన యాజమాన్యానికి ఊపిరి విలువ తెలియకపోవడం ఇక్కడ కొత్తేమీ కాదు. ప్రాణాలు పోలేదు గానీ తొక్కిసలాటలో చాలామందికి దెబ్బలు తగిలాయి. మర్నాటికి గొలుసు మాయమైంది. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుందని మేనేజరు అన్నాడు. తాళం కళ్లారా చూసింది ఆ పిల్ల ఒక్కతే. కార్మిక శాఖ వేసిన విచారణలో ఆమె మాట నిలబడకపోతే పుకార్లు పుట్టించిందని ఉద్యోగం తీసేస్తారు. గొలుసు మళ్లీ తలుపెక్కుతుంది.

మాట మార్చమని ఆ పిల్లకు ఇంటిమీదికి కబుర్లు వస్తున్నాయి. అందుకని ఆమె చెప్పేది ముందే వీడియో తీసి విచారణ అధికారికి ఇద్దామని సంఘం అనుకుంది. పంక్చరు కొట్టు మీది గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. కార్యదర్శి అడగాలి, పిల్ల చెప్పాలి, వదిన తీయాలి.

కెమెరా పిల్ల ముఖం మీద ఉంది. "తలుపుకు తాళం చూశావా అమ్మా?" అని కార్యదర్శి అడిగాడు.

"చూశానండీ. నా కళ్లతో చూశాను."

అన్నీ చెప్పి ఆ పిల్ల షిఫ్టుకు వెళ్లిపోయింది. ఇక మిగిలింది ప్రశ్నలు. ఒక్క కెమెరాతో ఇద్దరి ముఖాలూ ఒకేసారి తీయలేం గనుక, జవాబులయ్యాక కెమెరాను అటు తిప్పి అడిగినవాడి చేత అవే ప్రశ్నలు మళ్లీ అడిగిస్తారు. టీవీల్లో అందరూ చేసే పనే. మాస్టారు కెమెరా తిప్పించాడు. కార్యదర్శి గొంతు సవరించుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ మెల్లగా తలూపాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే విన్నట్టు ముఖం పెట్టాడు.

"సూపర్‌వైజరు తాళం వేయడం చూశావా అమ్మా?" అన్నాడు కార్యదర్శి.

వదిన కెమెరా ఆపేసింది.

ఎందుకాపావని అడిగితే, మీరు అడిగింది ఇది కాదంది. కార్యదర్శి కోప్పడలేదు. ఎవరు వేశారో చెప్పకపోతే తాళం గాల్లోంచి ఊడిపడిందంటారని, పేరుంటేనే కేసు నిలుస్తుందని నచ్చజెప్పాడు. వేయించింది యాజమాన్యమేనన్నది ఊరందరికీ తెలిసిన నిజమేగా అన్నాడు.

"అది మీకు తెలిసిన నిజం. మా పిల్ల చూసింది తాళం. ఆ పిల్ల నోట్లో మీ మాట ఎందుకు పెడతారు?"

"ఎవరి కోసం పెడుతున్నానమ్మా? మీ కోసమే కదా."

"మేనేజరు కూడా మా కోసమే అంటాడండీ."

కార్యదర్శి ముఖం కందిపోయింది. ఎవరైనా వచ్చి నీతో మాట్లాడారా అని అడిగాడు, కాస్త తగ్గు గొంతుతో. ఆ ప్రశ్న ఆమెకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. మాస్టారు అంతసేపూ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. ఆయన అటా ఇటా అన్నది ఆమెకు అంతుపట్టలేదు.

కెమెరా అబద్ధం చెప్పదంటారు. ఆ మాట పుట్టించింది కెమెరా చేతిలో ఉన్నవాడే అయుంటాడు. యజమాని చేతిలో ఉన్నా, మన చేతిలో ఉన్నా, కోసి అతికించే కత్తెర ఒకటే. మన వైపు న్యాయం ఉందని కత్తెర మనల్ని చూసి సిగ్గుపడదు. ఈ సంగతి ఉద్యమాల్లో తిరిగేవాళ్లకు చెబితే పిరికి మందు పోయొద్దంటారు. వదిన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. పిల్ల మళ్లీ వచ్చేదాకా కెమెరా ముట్టనివ్వనంది.

షిఫ్టు దిగి ఆ పిల్ల వచ్చింది. వదిన రెండు కుర్చీలూ పక్కకు తిప్పి, ఇద్దరూ ఒకే చట్రంలో పట్టేట్టు స్టాండు వెనక్కి జరిపింది. ఎక్కడా ఆపకుండా మొత్తం ఒకే ముక్కగా తీస్తానంది. ఇలా తీస్తే చూసేవాళ్లకు నిద్రొస్తుందని మాస్టారు గొణిగాడు. గొణుగుతూనే వదులైన స్టాండు కాలును తన చెప్పుతో అదిమి పట్టుకున్నాడు.

తాళం ఎవరు వేశారో చూశావా అని కార్యదర్శి ఈసారి పిల్ల ఎదుటనే అడిగాడు.

"వేసింది నేను చూళ్లేదండీ. నేను లాగినప్పుడు తాళం వేసున్న గొలుసు చేతికి తగిలింది, తలుపు రాలేదు."

విచారణ నాడు ఆ వీడియో ఆడింది. ఫ్యాక్టరీ వకీలు తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుని అతుకుల కోసం వెతికాడు. అతుకు లేదు. తర్వాత ఆ పిల్లను నిలబెట్టి అడిగాడు.

"సూపర్‌వైజరే తాళం వేశాడని అంటున్నావు కదమ్మా?"

"నేనలా అనలేదండీ. వేసింది చూళ్లేదు."

వకీలు అదే ప్రశ్న ఇంకో రకంగా అడిగాడు. అదే జవాబొచ్చింది. ఆ వారమంతా సూపర్‌వైజరు సెలవులో ఉన్నాడని రుజువు చేయడానికి అతని అత్తగారి ఊరి నుంచి తెచ్చిన సాక్షి బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆ సాక్షిని పిలిచే పని పడలేదు. అధికారి స్వయంగా ఫ్యాక్టరీకి వచ్చి తలుపు పట్టీ మీద గొలుసు ఒరుసుకున్న గీతలు వేలితో తడిమి చూశాడు. గొలుసు తగిలించే గొళ్లేలు తన ముందే పీకించాడు. పిల్ల ఉద్యోగం నిలిచింది.

తిరిగొస్తూ ఆడపడుచు వదిన చెయ్యి పట్టుకుంది. బస్టాపు దగ్గర, మాస్టారితో కలిసి నడుస్తున్న కార్యదర్శిని వదిన ఆపింది.

"సూపర్‌వైజరు పేరు మనం చెబుతామని ఫ్యాక్టరీ వాళ్లకెలా తెలుసు? ఆ మాట అన్నప్పుడు గదిలో ఉన్నది మనం ముగ్గురమే."

గేటు ముందు టీకొట్టు దగ్గర మనవాళ్లతోనే అన్నానని ఆయన నసిగాడు. ఎవరితో అని ఆమె అడిగింది. గుర్తులేదన్నాడు. ఆమె మాస్టారి వంక చూసింది. ఆయన వస్తున్న బస్సు వంక చూశాడు.

వదిన ఆడపడుచును ముందు ఎక్కించి, ఆ ఇద్దరూ తన కళ్లముందే ఎక్కేదాకా కింద నిలబడి, అందరికంటే వెనక ఎక్కింది.