నేను నోరు నొక్కిన ఛానెల్

మా ఊరి అగ్నిమాపక దళంలో ఎవరికీ జీతం లేదు. కబురు అందగానే దుకాణం వాడు దుకాణం, రైతు ట్రాక్టరు వదిలి పరుగెత్తాల్సిందే. వాళ్లు మంట ఆర్పి వచ్చేసరికి కాఫీ, తినడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉంచడం మా ఆడవాళ్ల సంఘం పని. నలభై ఒక్క ఏళ్లుగా ఆ పని ఎల్వీరా హ్రుష్కాది, అంటే నాది. గొప్పకు చెప్పడం లేదు. సంఘం మినిట్స్ పుస్తకం తిరగేసి చూసుకోవచ్చు.

నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ మొక్కజొన్న చేల మధ్య ఒంటిగది బడిలో. అయినా రేడియో అలల లెక్క నాకు తెలిసినంత మా కౌంటీలో కాలేజీకి వెళ్లినవాళ్లకు కూడా తెలియదు. మా ఆయన లంబెర్ట్ దళానికి చీఫ్ అయిన ఏడు ఫ్రిజ్ మీద స్కానర్ పెట్టాడు. ఛానెళ్లన్నీ వరసగా తడుముతూ, మాట వినిపించిన చోట ఆగే రేడియో అది. మా దళానిది నూట యాభై నాలుగు పాయింటు ఒకటి తొమ్మిది మెగాహెర్ట్జ్. అంటే ఆ అల సెకనుకు పదిహేను కోట్ల నలభై ఒక్క లక్షల తొంభై వేల సార్లు ఊగుతుంది. అల ఎంత వేగంగా ఊగితే యాంటెన్నా అంత పొట్టిదవుతుంది. ఆ భాగహారం నేనే చేసి, పద్దెనిమిది అంగుళాల రాగి తీగ కోసి కిటికీకి కట్టాను. ముప్ఫై మైళ్ల అవతలి మాట పక్క గదిలోంచి వచ్చినట్టుండేది.

మా ఇల్లు ఊరికి నాలుగు మైళ్లు. సైరన్ ఇక్కడికి వినపడదు. అయినా ఎనభై మూడులో ధాన్యం నిలవచేసే ఎలివేటర్ గిడ్డంగి పేలినప్పుడు ఫైర్ హాలులో మొదటి కాఫీ కాచింది నేనే. టోర్నడో వచ్చిన ఏడు, సుడి ఎటు తిరిగిందో రేడియోలో విని, పదకొండు ఇళ్లకు ఫోన్ చేసి అందరినీ నేలమాళిగల్లోకి దింపింది కూడా నేనే.

కిందటేడు కౌంటీ వాళ్లు పాత ఛానెల్ మూసేసి డిజిటల్‌కి మారారు. నా స్కానర్ మూగబోయింది. కొత్తది తెప్పించి, దాని నూట ఇరవై పేజీల పుస్తకం భూతద్దంతో రెండుసార్లు చదివాను. కౌంటీ టవరుకి తొమ్మిది ఫ్రీక్వెన్సీలు. తొమ్మిదీ ఎక్కించాను. వాటిలో ఒకటి, తేనెపట్టులో తల దూర్చినట్టు, ఆగకుండా ఒకటే రొద. స్కానర్ దగ్గర కూర్చునే వాళ్లెవరైనా చేసేదే నేనూ చేశాను. లాకౌట్ మీట నొక్కాను. అది నొక్కితే స్కానర్ మళ్లీ ఆ ఛానెల్ జోలికి పోదు. కరెంటు తీగల గుయ్‌మనే చప్పుడు, ఎవరివో పాడైన మోటార్ల గరగర, ఇన్నేళ్లలో ఆ మీటతో ఎన్నిటి నోరు మూయించానో.

మిగతా ఎనిమిదింటిలో అన్నీ ముక్కలే. "...తూర్పు గేటు దగ్గర" అని వినిపిస్తుంది, ఆపైన ఏమీ ఉండదు. ఎవరి గేటో దేవుడికే తెలియాలి. ఛానెళ్లన్నిటినీ కలిపి వినిపిస్తుందని పుస్తకం చెప్పిన ట్రంకింగ్ మీట నొక్కితే ఆ ముక్కలు కూడా పోయాయి, ఆపేశాను. కొత్త అలలు ఇంకా వేగంగా ఊగుతాయి కాబట్టి యాంటెన్నాను మూడున్నర అంగుళాలకు కోశాను. ఫలితం లేదు. స్కానర్‌ని అమ్మినవాడికి రెండుసార్లు తిప్పి పంపితే, రెండుసార్లూ బాగానే ఉందని చీటీ పెట్టి పంపాడు. టవరే తప్పుగా కట్టారని కౌంటీ బోర్డుకి ఘాటుగా ఉత్తరం రాశాను.

ఆ వారమే వోండ్రా వాళ్ల పశువుల కొట్టం తగలబడింది. పద్నాలుగు మంది ఐదు గంటలు మంటతో పెనుగులాడుతుంటే నేను పెరట్లో చిక్కుళ్లు కోసుకుంటున్నాను. ఆదివారం చర్చి మెట్ల మీద, మా సంఘంలోనే ఉన్న బెర్నీస్ ఆపింది.

"ఏం ఎల్వీరా, నీ రేడియో నిద్రపోయిందా? నాకు ఫోనులోనే వచ్చేసింది కబురు. డోనట్లు పట్టుకెళ్లా."

"కొన్నవా?"

"ఆకలేసినవాడు ఎవరు వండారని అడుగుతాడా?"

"మా ఆయన అడిగేవాడు."

"ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. నువ్వూ కాస్త కూర్చో ఇక. రేపు కాక పై సోమవారం మీటింగులో కాఫీ పని నాకిమ్మని అడుగుతున్నా."

మర్నాడు పొద్దున్నే ఫైర్ హాలుకి వెళ్లాను. మా ఆడపడుచు కొడుకు డ్వేన్ ఇప్పుడు చీఫ్. నీళ్ల గొట్టాలు కడుగుతున్నాడు. నేనూ ఒక కొస పట్టుకున్నాను.

"డ్వేన్, మీ కౌంటీ వాళ్లు నన్ను వదిలించుకోవాలని చూస్తున్నార్రా."

"నిన్ను వదిలించుకునే రేడియో ఇంకా తయారు కాలేదత్తా. ఏమైంది?"

"అన్నీ ముక్కలే. ఒకడు ఒకచోట మొదలెట్టి ఇంకోచోటికి గెంతుతాడు."

"గెంతాల్సిందే. ఎవరికీ సొంత ఛానెల్ లేదిప్పుడు. మేం మీట నొక్కగానే కంప్యూటరు ఖాళీగా ఉన్నదేదో ఇస్తుంది. ఎవరికి ఏది ఇచ్చిందో ఒక ఛానెల్ మీద రోజంతా చెబుతూనే ఉంటుంది. మా రేడియోలన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి."

"చెబుతుందా? ఏమని?"

"మనకర్థం కాదులే. వినడానికి ఒట్టి రొద."

గొట్టం కొస నా చేతిలోనే ఉండిపోయింది.

"ఏంటత్తా?"

"ఏం లేదు. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చా."

ఇంటికి వెళ్లి ఆ రొద ఛానెల్ మీది లాకౌట్ తీసేసి, ట్రంకింగ్ మీట మళ్లీ నొక్కాను. నిమిషం తిరక్కుండానే పక్క ఊరి అంబులెన్సు వాళ్ల మాట మొదటి నుంచి చివరి దాకా వినిపించింది. సంతోషించాలి గదా. నాకు మాత్రం ఫ్రిజ్‌ని తన్నాలనిపించింది. నాలుగు నెలలుగా దారి చెప్పేవాడి నోరు నేనే నొక్కిపెట్టి, దారి కనపడటం లేదని ఊరందరినీ తిట్టాను.

గురువారం మధ్యాహ్నం రైలు కట్ట పక్కన గడ్డి అంటుకుంది. వినడంతోనే ఫ్రీజరులోని కొలాచీలు, గసగసాలు నింపి నేనే చేసిన బన్నులు, బండిలో వేసుకుని హాలుకి వెళ్లాను. నలభై కప్పుల కాఫీ మరిగేలోపే మనుషులు తిరిగొచ్చేశారు. చేను గలాయన ముందే చుట్టూ దున్ని మంటను ఆపేశాడట. ఎవరికీ చెమట కూడా పట్టలేదు. డ్వేన్ మర్యాదకి రెండు కప్పులు తాగాడు.

బెర్నీస్ డోనట్ల డబ్బా పట్టుకుని వచ్చింది. "నా ఫోను ఇప్పుడే మోగింది."

"డోనట్లు లోపల పెట్టు," అన్నాను.

"ఎలా తెలిసిందత్తా, రేడియో పాడైందన్నావుగా?" అన్నాడు డ్వేన్.

అందరూ చూస్తున్నారు. "పాడవలేదు. తప్పుగా వాడింది నేనే," అన్నాను.

సోమవారం మీటింగులో బెర్నీస్ కాఫీ మాట ఎత్తలేదు. కానీ నాకు రెండు క్షమాపణ ఉత్తరాలు మిగిలాయి. స్కానర్ అమ్మినవాడికి రాయడానికి నాలుగు రోజులు పట్టింది. కౌంటీ బోర్డుకి రాయాల్సింది ఇంకా మొదటి వాక్యం దగ్గరే ఉంది. లాకౌట్ మీట మీద తెల్ల ప్లాస్టరు అంటించాను. ఎక్కడ రొద వినపడినా నా వేలు ఇంకా అటే పోతోంది.